అస్సాం బన్ను

నంద్యాల,
9 జూలై 1956

అన్నకు కృపావతి వందనాలు.

బడి గంట కొట్టేలోపు ఈ కార్డు డబ్బాలో వేయాలి. అందుకే ముఖ్యమైన మాట ఒక్కటే రాస్తున్నాను. యుద్ధంలో ఉన్నప్పుడు అస్సాంలో అమెరికా వాళ్ళ దగ్గర మీరు తిన్నారే, బన్ను మధ్యలో కైమా పెట్టి పైన చీజు వేసింది, దాని పేరేమిటి? ఎట్లా చేస్తారు? వివరంగా రాయి. ఆయన అడిగినాడు. ఇంట్లో నేనే చేసి పెడతానని మాటిచ్చాను. ఆయనకు కొవ్వు, నూనె పడవు. తేలికగా ఉండాలి. అట్లని రుచి చచ్చిపోకూడదు. ఈ సంగతి కడుపులో పెట్టుకో, ఎవరితోనూ అనొద్దు.

వదినను అడిగినానని చెప్పు.

కృప


ఆళ్లగడ్డ,
15 జూలై 1956

చెల్లెలు కృపకు అన్న సుందరరాజు దీవెనలు.

నీ కార్డు వచ్చేసరికి నేను కోయిలకుంట్ల ట్రిప్పు ముగించి, బస్సు కింద దూరి బోల్టులు బిగిస్తున్నాను. మీ వదిన వంగి చదివి వినిపించింది. విని లేవబోతే తల పైన ఇనుముకు కొట్టుకుంది. బుడిపె ఇంకా ఉంది.

దాని పేరు చీజ్‌బర్గర్. ఆ మాట ఇన్నాళ్ళకు మళ్ళీ రాస్తున్నాను. రాస్తుంటే ఆ వాన వాసన ముక్కుకు తగిలింది. మన సీమలో వాన కోసం మొగులు చూస్తాం. అక్కడ వాన ఎప్పుడు ఆగుతుందా అని చూసేవాళ్ళం. బర్మాలోకి లెడో రోడ్డు వేస్తున్న రోజులు. నీ పెనిమిటి సంజీవయ్య, నేను ఒకే దళంలో లారీలు తోలేవాళ్ళం. పక్కనే అమెరికా వాళ్ళ వంటశాల. బిల్లీ అని అక్కడొక వంటవాడు, ఏనుగంత మనిషి. ఒక ఆదివారం మమ్మల్ని పిలిచి చెరొకటి చేతిలో పెట్టినాడు. సంజీవయ్య ఒక కొరుకు కొరికి కండ్లు మూసుకున్నాడు. "ఏంది బావా ఇది! పండ్లు లేనోడు కూడా తినొచ్చు" అన్నాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

చేసే విధం చెప్తా విను. కైమాను మెత్తగా కొట్టాలి. మసాలా ఏమీ లేదు, ఉప్పు, మిరియాలపొడి అంతే. చేతులు తడి చేసుకొని అరచేయంత బిళ్ళ తట్టాలి, గట్టిగా ఒత్తొద్దు. నడిమధ్య బొటనవేలితో చిన్న గుంట పెట్టాలి. పెట్టకపోతే బూరెలా ఉబ్బుతుంది. ఇనుప పెనం మీద ఒక పక్క కాలినంక తిప్పి, చీజు ముక్క పెట్టి, మూత వేస్తే అది కరిగి కిందికి జారుతుంది. అదే పెనం మీద బన్నును రెండుగా కోసి కాల్చాలి. మధ్యలో పచ్చి ఎర్రగడ్డ చక్రాలు. అంతే. అయితే బిల్లీ మాంసంలో కొవ్వు బాగా కలిపేవాడు. కొవ్వు తీసేస్తే చెప్పు అట్టలా తయారవుతుంది. దానికి ఉపాయం నువ్వే వెతకాలి. చీజు డబ్బా ఈ చుట్టుపక్కల యాడా దొరకదు.

ఇక అసలు మాట. కృపా, "ఆయన" ఎవరు? నువ్వు చెప్పకపోయినా నాకు అర్థమైంది. సంజీవయ్య పోయిన నాటి నుంచి నీ గురించి నేను అనుకోని రోజు లేదు. నీకు ముప్పై మూడో ఏడు. నోరు తెరిచి అడిగితే ఎక్కడ బాధపడతావో అని ఊరుకున్నాను. ఇప్పుడు నీ అంతట నువ్వే ఒక మనిషికి ఇష్టమైనది వండి పెడతానంటున్నావు. నాకు సంతోషంగా ఉంది. ఆ మనిషి మీ బళ్ళో అయ్యవారా, ఆసుపత్రిలో కాంపౌండరా? మామకు చెప్పినావా? నీకు భయమైతే నేను వచ్చి చెప్తాను. మామను నేను ఆళ్లగడ్డకు తెచ్చి పెట్టుకుంటాను, ఆ దిగులు నీకొద్దు.

ఎవరితోనూ అనొద్దన్నావు కాబట్టి మీ వదినకు తప్ప ఎవరికీ తెలియదు.

నీ మేలు కోరే అన్న,
సుందరరాజు


నంద్యాల,
22 జూలై 1956

అన్నకు,

వందనాలు పెట్టాలో తిట్టాలో తెలియక రెండూ పెడుతున్నాను.

"ఆయన" అంటే మామ! మా రామయ్య మామ! ఈ ఇంట్లో మగమనిషి ఆయన గాక ఇంకెవరు? "నేను అడిగినానని రాయొద్దమ్మా, ముసలోనికి నాలుక పీకుతాండాదని ఊరంతా నవ్వుతారు" అని నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు. కార్డును పోస్టుమాస్టరు మొదలుకొని అందరూ చదువుతారు కదా. అందుకని "ఆయన" అని రాసినాను. దానికి నువ్వు పెండ్లిపందిరి వేసినావు.

పోయిన నెల మామకు ఛాతీలో నొప్పి వచ్చింది. నువ్వు పరుగెత్తుకొస్తావని రాయలేదు. డాక్టరు మాత్రలిచ్చి, కొవ్వు, నూనె, నెయ్యి తగ్గించమన్నాడు. ఆ నాటి నుంచి మామకు అన్నం మీద చూపు లేదు. సంగటి చప్పగా ఉందంటాడు, పులుసు నీళ్ళంటాడు. ఒక పూట ఉన్నట్టుండి అడిగినాడు: "కృపమ్మా, మన సంజీవుడు అస్సాంలో తిన్నాడే, ఆ బన్ను... అది నువ్వు చేయగలవా?"

ఈయన కొడుకు పేరు నోటితో అని ఎన్నేళ్ళయిందో నీకు తెలియదు. వార్త వచ్చిన నాటి నుంచి ఒక్కసారి కూడా అనలేదు. నేను అంటే లేచి దొడ్లోకి పోయేవాడు. అట్లాంటి మనిషి అడిగితే కాదంటానా?

నీ జాబు నేనే చదివి వినిపించాను. శుక్లాలు కమ్మి ఆయనకు అక్షరాలు కనబడవు. బిల్లీ సంగతి, వాన సంగతి చదువుతుంటే గోడకు ఆనుకొని కండ్లు మూసుకొని విన్నాడు. "పండ్లు లేనోడు కూడా తినొచ్చు" అన్న దగ్గర నవ్వినాడు. ఆ తర్వాత నీ "అసలు మాట" దగ్గర ఆగిపోయాను. "చదువమ్మా, ఆపితివేం?" అన్నాడు. కల్పించి చదవడం నాకు చేతకాలేదు. అంతా చదివి, "చూడు మామా, మా అన్న నిన్ను పెండ్లికొడుకును చేసినాడు" అని నవ్వినాను. ఆయన నవ్వలేదు.

ఇప్పుడు బన్ను సంగతి. కొవ్వు లేని తొడ మాంసం తెచ్చి రోట్లో దంచాను. మొదటిసారి నువ్వన్నట్టే చెప్పు అట్ట అయింది. రెండోసారి సొరకాయ తురిమి, నీళ్ళు పిండి, పిడికెడు కలిపాను. మెత్తగా వచ్చింది కానీ పెనం మీద విరిగి ముక్కలైంది. మూడోసారి ఆ తురుములో సగం తగ్గించి, ఉడికించిన శనగపప్పు కొంచెం నూరి కలిపాను. బిళ్ళ నిలిచింది. అల్లం, పచ్చిమిరప, కొత్తిమీర వేశాను. బిల్లీ ఏమైనా అనుకోనీ. పెనానికి నూనె గుడ్డతో తుడిచినంతే.

చీజుకు బదులు, మీగడ తీసిన పాలు తోడువేసి, ఆ పెరుగును గుడ్డలో మూటగట్టి వేలాడదీశాను. తెల్లారేసరికి గట్టిపడింది. ఉప్పు, మిరియాలు, పచ్చగా కనబడాలని చిటికెడు పసుపు కలిపి, వేడి బిళ్ళ మీద పెట్టి మూత వేశాను. చీజు మాదిరి కరిగి సాగదు. కానీ మెత్తబడి అంచుల మీదికి వాలుతుంది. చూడడానికి బాగుంది. ఒక్కటే లోపం, స్టేషను దగ్గర బేకరీ బన్ను మరీ తీపి. తీపి లేకుండా చేసిమ్మని అడిగాను, శనివారానికి ఇస్తానన్నాడు. ఆ రోజు మామకు పెడతాను.

వదినకు వెంటనే ఉన్న సంగతి చెప్పు.

కృప


ఆళ్లగడ్డ,
22 జూలై 1956

కృపకు,

కార్డులో ఎక్కువ పట్టదు. మీ వదిన ఆగలేక పాస్టరమ్మ గారికి చెప్పింది. ఆమె పాస్టరు అయ్యగారికి చెప్పింది. అందరూ సంతోషించినారు. పంటలు ఇంటికొచ్చినంక, క్రిస్మస్‌కు ముందే పెండ్లి చేద్దామని అయ్యగారి మాట. మామ సంగతికి నువ్వు భయపడొద్దు. ఆయనకు ఇక్కడ గది ఖాళీ చేస్తున్నాం, మంచం కూడా బిగిస్తున్నాను.

సుందరరాజు


నంద్యాల,
28 జూలై 1956

అన్నా,

నీ కార్డు నిన్న నేను బళ్ళో ఉండగా వచ్చింది. మామ దాన్ని పక్కింటి కమలాక్షమ్మ చేత చదివించుకున్నాడు. నేను సాయంత్రం ఇంటికొచ్చేసరికి సంచి సర్దుకొని అరుగు మీద కూర్చున్నాడు.

"ఓబులమ్మ కాడికి పోతాండా, దొర్నిపాడుకు. నాలుగు దినాలు బిడ్డ ఇంట్లో ఉండొస్తా" అన్నాడు.

"రేపు శనివారం మామా, బన్ను చేస్తానంటిని కదా" అన్నాను.

"బన్నుకేమమ్మా, యాడికి పోతాది."

జాబులు దాటుకున్నాయని, నా సమాధానం నీకు అందకముందే నువ్వు ఈ కార్డు రాసినావని చెప్పాను. ఎన్ని విధాల చెప్పినా తల ఊపుతాడే కానీ నమ్మలేదు. "నీ అన్న మంచం కూడా బిగిస్తాండాడంట. ఉత్త మాటకు మంచం బిగిస్తారా?" అన్నాడు. బస్సు ఎక్కేముందు నా తల మీద చేయి పెట్టి, "నువ్వు చిన్నదానివి. నన్ను అడ్డం పెట్టుకోని నీ దావ మూసుకోవద్దు తల్లీ. నాకేం కోపం ల్యా" అన్నాడు. కోపమున్నా బాగుండేది అన్నా. కోపమైతే వాదించేదాన్ని.

ఇంటికొచ్చి చూస్తే గూట్లో మాత్రల పొట్లం అట్లే ఉంది. మరిచిపోయినాడో, వదిలేసి పోయినాడో. ఈ జాబు, ఆ పొట్లం మీ బస్సు డ్రైవరు నరసింహులు చేతికిచ్చి పంపుతున్నాను. నువ్వు దొర్నిపాడు మీదనే కదా రోజూ పోయేది. నీ చేత్తో ఇచ్చి, మింగించి రా. నాకు బళ్ళో పరీక్షలు, సెలవు దొరకదంటున్నారు.

చేసిన కైమా బిళ్ళలు కమలాక్షమ్మ పిల్లలకు పెట్టాను. బాగున్నాయన్నారు. నేను రుచి చూడలేదు.

కృప


ఆళ్లగడ్డ,
2 ఆగస్టు 1956

కృపకు,

ఈ అన్న ముఖం నీకు చూపించలేడు కాబట్టి కాగితం పంపుతున్నాడు.

పొట్లం అందిన రోజే దొర్నిపాడులో బస్సు ఆపి, మాత్ర మింగించినాను. మామ మింగి, "పెండ్లి ఎప్పుడు?" అన్నాడు. పెండ్లీ లేదు, పందిరీ లేదు, నా తెలివితక్కువ అంటే, "సరేలేప్పా" అని పక్కకు తిరిగి పడుకున్నాడు. నన్నూ నమ్మలేదు.

ఈ రోజు సెలవు పెట్టినాను. నీ జాబులో ఉన్న ప్రకారం మీ వదిన చేత పెరుగు మూట కట్టించి, కైమా, బన్నులు పట్టుకొని దొర్నిపాడు పోయినాను. నల్లరేగడి బురద మోకాటి దాకా ఉంది. ఒక చెప్పు అందులోనే పోయింది. ఓబులమ్మ నన్ను చూసి, "ఏంది బావా, వంట చేయను వచ్చినావా, వరినాటుకు వచ్చినావా?" అని ఒకటే నవ్వు. ఆమె పొయ్యి ముందు కూర్చొని నేనే చేసినాను. సొరకాయ పిండడం సరిగ్గా రాలేదు, బిళ్ళ కొంచెం జావ అయింది. గుంట మాత్రం పెట్టినాను.

మామ చేతిలో పెట్టినాను. వాసన చూసినాడు. కొరికినాడు. నెమ్మదిగా నమిలినాడు. సగం తిని ఆగి, "ఇంతేనా సుందరా?" అన్నాడు.

"అంతే మామా."

"దీనికేనా వాడు అంతగా చెప్పింది? లీవుకు వచ్చినప్పుడు రెండు పూటలా ఇదే మాట." కాసేపు చేతిలోదాని వంకే చూసి, "ఎంత ఆకలిగా ఉండెనో నా బిడ్డ ఆడ" అన్నాడు. అనేసరికి కండ్ల నీళ్ళు గడ్డం మీదికి దిగినాయి. ఓబులమ్మ కొంగు అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది.

ఆయన చేయి పట్టుకొని ఉన్నది ఉన్నట్టు చెప్పినాను. "మామా, ఆకలి కాదు. మాకు తిండికి ఏ పొద్దూ తక్కువ లేదు. సంజీవయ్యకు దాని మీద ఆశ ఎట్లాంటిదంటే, ఆదివారం మేమందరం పడుకుంటే వాడు పోయి బిల్లీ పెనాలు తోమేవాడు. ఎందుకురా ఈ చాకిరీ అంటే, 'చేసేది బిల్లీ నేర్పిస్తానన్నాడు బావా, ఇంటికాడ చేయాల' అనేవాడు. మేము నవ్వేవాళ్ళం. వాని చేత్తో చేసింది ఒకసారి నేను కూడా తిన్నా. బిల్లీ వీపు తట్టినాడు. లీవులో మీతో చెప్పిపోయింది నేర్చుకోక ముందు. తిరిగి వచ్చినంకనే నేర్చుకున్నాడు. వానలు ముదిరి వాని లారీ మీద కొండ విరిగిపడింది ఆ తర్వాతే."

మామ కన్నార్పకుండా విన్నాడు. "వానికి చేయడం వచ్చునా?" అన్నాడు.

"వచ్చు మామా. నాకంటే బాగా."

"ఈ మాట ఇన్నేండ్లు చెప్పలేదే!"

"మీరు వాని పేరెత్తనీయరు కదా."

మామ మిగతా సగం తిని, చేయి కడుక్కొని, "సుందరా, ఒట్టేసి చెప్పు. కృపమ్మకు ఎవరూ ల్యారా?" అన్నాడు. బైబిలు మీద చేయి పెట్టమన్నా పెడతాను, ఉంటే చెల్లెలే చెప్తుంది, నాకు తెలిసి లేరు అన్నాను. "అయితే నంద్యాల బస్సు ఎన్ని గంటలకు?" అన్నాడు. చీకటి పడుతోందని ఓబులమ్మ ఆపింది. రేపు పొద్దున నేనే ఎక్కించి పంపుతాను. ఈ జాబు కంటే ముందే ఆయన నీ దగ్గరుంటాడు.

బిగించిన మంచం మీద మీ వదిన మిరపకాయలు ఆరబోసింది. అయ్యగారికి సంగతి చెప్పి చీవాట్లు తిన్నాను.

నీ బాగు మీద ఆశతో తొందరపడ్డానే కానీ నిన్ను పంపించేయాలని కాదు తల్లీ.

సుందరరాజు


నంద్యాల,
7 ఆగస్టు 1956

అన్నకు కృప మనసారా వందనాలు.

మామ శుక్రవారం మధ్యాహ్నం వచ్చినాడు. అరుగు మీద సంచి పెట్టి, "బన్ను ఎప్పుడు చేస్తావమ్మా?" అన్నది మొదటి మాట. అంతవరకు ఏడుపు ఆపుకున్నదాన్ని నవ్వేశాను. అప్పుడే ఒక మాట తేల్చి చెప్పాను: "మామా, నాకు పెండ్లి చేసుకోవాలనిపిస్తే చేసుకుంటా. నువ్వున్నావని ఆగను. నువ్వు పోయినావని చేసుకోను." "అట్లే కానీ" అన్నాడు. నీకూ అదే మాట అన్నా. అట్లాంటిది ఉంటే పేరు పెట్టి రాస్తాను, "ఆయన" అని రాయను.

శనివారం బేకరీ నుంచి తీపి లేని బన్నులు తెచ్చాను. కైమా దంచుతుంటే మామ వంటింటి గడప మీద కూర్చున్నాడు. ఆడవాళ్ళు వండే చోటికి ఆయన ఎప్పుడూ రాడు. సొరకాయ ఎట్లా పిండాలో చూపించమన్నాడు. పప్పు ఎంత వేస్తాండావు, మిరప ఎంత వేస్తాండావు అని ప్రతిదీ అడిగినాడు. గుంట మాత్రం నేను పెడతానని బొటనవేలు చాపినాడు. బిళ్ళను ఆయన చేతి కిందికి జరిపాను.

బిళ్ళ కాలింది, పెరుగు పసుపుపచ్చగా వాలింది. బన్ను కాల్చి, ఎర్రగడ్డ, తమాటా చక్రాలు పెట్టి, పళ్ళెంలో ఇచ్చాను. ఆయన తింటుంటే ఎప్పటిలాగే గోడ పక్కన నిలబడ్డాను.

ఒక కొరుకు తిన్నాడు. ఇంకొకటి తిన్నాడు. "కృపమ్మా, కూర్చో. ఒక మాట చెప్పాల" అన్నాడు. కూర్చున్నాను.

"వాడు లీవుకు వచ్చినప్పుడు నాతో ఒక మాట అన్యాడు. నీవు నీళ్ళకు పోయింటివి. 'నాయనా, నేను ఆ బన్ను చేసేది నేర్చుకోనొస్తా. వచ్చి మొదలు నీకు చేసి పెడతా. తిని నిజం చెప్పాల. బాగుంటేనే కృపకు పెడతా. ఆయమ్మ వంట ముందర నాది బాగలేదంటే నవ్వుతాది' అన్యాడు. నేను సరేరా అంటిని. వాడు రాకపాయె. తినకుండా నీకు ఎట్ల చెప్పేది? ఈ నొప్పి వచ్చినంక భయమాయె, చెప్పకుండానే పోతానేమో అని. అందుకే చేయమంటిని. అంతలో నీ అన్న జాబులు వచ్చె. నీకు కొత్త దావ పడుతుంటే పాత మాట ఎందుకులే అని దొర్నిపాడుకు పోతిని."

అన్నా, ఆ లీవులో మా ఆయన నాతో ఈ బన్ను సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. అందరికీ చెప్పి నాకెందుకు చెప్పలేదా అని ఇన్నేళ్ళూ లోపల్లోపల అనుకునేదాన్ని. నా మీద ఆ మాత్రం ముచ్చట లేదేమో అని కూడా అనుకున్నాను. ఆయన పెనాలు తోముతున్నది నా కోసమని నాకేం తెలుసు?

మామ ఇంకో కొరుకు తిన్నాడు. తొందర లేకుండా నమిలి మింగినాడు. దొర్నిపాడులో నువ్వు చేసిన దానికంటే బాగుందన్నాడు, నువ్వు నొచ్చుకోవద్దు. తర్వాత మిగిలిన సగాన్ని పళ్ళెంతో సహా నా ముందుకు జరిపినాడు.

"బాగుంది. నీకు పెట్టొచ్చు" అన్నాడు.

తిన్నాను అన్నా. కారం కొంచెం తక్కువైంది.

నీ చెల్లెలు,
కృపావతి